మా మేనత్త, ఆమె గడ్డివామి

మా మేనత్త పోయిందన్న కబురు నాకు పక్కదొడ్డి మామ ఫోన్ చేసి చెప్పాడు. నరసరావుపేటలో మా మందుల దుకాణం షట్టర్ అప్పుడే ఎత్తుతున్నాను. "అమ్మాయ్, మీ అత్త ఇక లేదమ్మా. పాలు పితికి అరుగు మీద ఒరిగింది, మళ్లీ లేవలా" అన్నాడు. ఏడుపు రావాల్సిన చోట నాకు ముందు అనుమానం వచ్చింది. ఈయనెందుకు చేశాడు? ఊళ్లో మా చుట్టాలున్నారు, పాలు పోయించుకునే మనిషి ఉన్నాడు. అత్తకూ ఈయనకూ మాటల్లేక ఏళ్లయింది. ఆమె అరుగు మీద ఒరిగిన సంగతి అందరికంటే ముందు ఈయన కంట్లోనే ఎట్లా పడింది? ఫోన్ పెట్టేశాక నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. అత్త బతికుంటే సరిగ్గా ఈ ప్రశ్నలే, ఈ వరసలోనే అడిగేది.

గురజాల దగ్గర ఆ ఊళ్లో ఆమెను చాటుగా అనుమానాలామె అనేవాళ్లు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. పెళ్లయిన కొన్నేళ్లకే మా మామయ్య పోయాడు. పిల్లల్లేరు. నాగార్జునసాగర్ కాలువ కింద కాస్త మాగాణి, ఒక జత ఎడ్లు, రెండు గేదెలు ఆమెకు మిగిలాయి. ఒంటరి ఆడదాని చేను గట్టు ఏటా ఒక పారపెట్టు లోపలికి జరుగుతుంది. ఆ సంగతి ఆమె మొదటి ఏడాదే కనిపెట్టింది, ఆ తర్వాత ఇక ఎవరినీ నమ్మలేదు. నా హైస్కూలు చదువంతా ఆమె ఇంట్లోనే జరిగింది కాబట్టి ఆ అపనమ్మకంలో నాకూ వాటా దక్కింది. ఇప్పటికీ మందుల పెట్టె వస్తే దాని మీద ఉన్న తేదీని ఒకసారి చూసి, లోపలి అట్టల మీద ఉన్న తేదీని మరోసారి చూస్తాను. "చూసిందే నమ్మాల. చూసింది గూడా ఇంకోసారి చూడాల" అనేది అత్త.

ఆమె అనుమానాలన్నిటికీ రాజధాని గడ్డివామి. ఎడ్ల కాలంలో వామి వేసే రోజంటే మా ఇంట్లో పెళ్లికంటే ఎక్కువ హడావుడి. కొడవళ్లతో కోసిన వరి కాబట్టి గడ్డి నిలువెత్తు పొడుగుండేది. నూర్చిన గడ్డిని ఎడ్లబండ్ల మీద తోలుకొచ్చేవాళ్లు. దొడ్లో కింద నాపరాళ్లు పరిచి, దాని మీద కంప వేసి, ఆపైన వామి ఎత్తేవాళ్లు. కింది నుంచి ఇద్దరు మోపులు విసిరితే పైన ఒకతను అందుకుని, తిరుగుతూ తొక్కేవాడు. అత్త చీర కొంగు నడుముకు దోపి వామి చుట్టూ తిరిగేది. "మధ్యలో తొక్కరా, అంచులు కాదు. నడుం కుంగితే వాన నీళ్లు తాగుద్ది" అని కింది నుంచి అరిచేది. పైనున్న మనిషి, "నువ్వే ఎక్కి తొక్కరాదా అమ్మా" అని విసుక్కుంటే, "నేనెక్కితే కింద మోపులు ఎవరు చూస్తారు? దోవలోనే సగం మాయమైపోవూ?" అనేది. నిజానికి మోపు గడ్డి కోసం ఎవరూ ప్రాణాలమీదికి తెచ్చుకోరు. ఆమె లెక్క వేరు.

వామి పూర్తయ్యాక దువ్వేవాళ్లు. ఊడిపోయే పరకలు లాగేసి, పక్కలు నున్నగా చేసి, పైన గడ్డి తాళ్లు అడ్డంగా వేసి రాళ్లు వేలాడగట్టేవాళ్లు. అందరూ వెళ్లిపోయాక అత్త ఒక్కతే పనిలో దిగేది. గేదెలకు ఏ పక్క నుంచి గడ్డి లాగాలో అక్కడ రెండు పరకలను ముడివేసి పెట్టేది. తనకు తప్ప ఇంకొకరికి ఆ ముడి ఆనవాలు తెలియదు. మర్నాడు ముడి చెదిరితే ఆ పూట వీధంతా మార్మోగేది. కోడి కెలికినా, గాలి లేపినా దోషి మాత్రం మనిషే. "గడ్డివామి కాడ కుక్క లాగా తను తినదు, ఇంకొకళ్లను తిననివ్వదు" అని పక్కదొడ్డి మామ ఎగతాళి చేసేవాడు. ఆ రోజుల్లో వాళ్లిద్దరికీ మాటలుండేవి. ఆయనకు ఆమె వరసకు వదిన. ఇద్దరి దొడ్ల మధ్య నిలువుగా పాతిన నాపరాళ్ల గోడ ఒక్కటే అడ్డు. దాని మీదుగానే పోట్లాట, దాని మీదుగానే ఉల్లిపాయలు, అగ్గిపెట్టె ఇచ్చిపుచ్చుకునేవాళ్లు.

తర్వాత ఎడ్లు పోయాయి. ఊళ్లో అందరి ఎడ్లూ పోయాక ఆమె కూడా అమ్మింది, కొన్నవాడు కబేళాకు తోలతాడేమోనని సంత దాకా వెంట నడిచి మరీ అమ్మింది. కోతకు మనుషులు దొరకడం మానేశారు, వరికోత మిషన్ వచ్చింది. ఒక పూటలో చేను ఖాళీ అయ్యేది. వెనకాల పొట్టిగా, నలిగి, వరసలుగా పడిన గడ్డిని చూసి అత్త ముక్కు విరిచింది. "మిషన్ నమిలి ఊసిన గడ్డి గేదెలెందుకు తింటయ్?" అంది. మొదటి ఏడాది నిజంగానే గేదెలు మూతి తిప్పుకున్నాయి. అవి గడ్డి వల్ల తిప్పుకున్నాయో, ఈమె మొహం చూసి తిప్పుకున్నాయో నేను చెప్పలేను. చాలామంది రైతులు ఆ గడ్డిని చేలోనే తగలబెట్టడం మొదలుపెట్టారు. అత్తకు అది చూస్తే కడుపు రగిలేది. మేతను తగలబెట్టేవాడు రేపు ఇంటిని తగలబెట్టడని ఏమిటి నమ్మకం అనేది.

ఆ వెనక కట్టల మిషన్ వచ్చింది. ట్రాక్టర్‌కు తగిలించుకుని చేలో తిరుగుతూ గడ్డిని మింగి, బిగించి, తాడు చుట్టిన కట్టలుగా కింద పడేసేది. ఇక తొక్కే మనిషి అక్కర్లేదు, దువ్వే మనిషి అక్కర్లేదు. ఇటుకలు పేర్చినట్టు పేర్చుకుంటే చాలు. ఊరంతా సంబరపడింది. అత్త మాత్రం, "కట్ట లోపల ఏముందో నీకు కనపడుద్దా?" అని అడిగింది. వామి అయితే లాగేకొద్దీ తన గుట్టు తను చెప్పుకుంటుందట. కట్ట నోరు మూసుకున్న మనిషి లాంటిదట. అయినా చేయక తప్పలేదు. ఒక ఏడాది కోతల ముందు తుపాను వాన పడింది. చేను పైన ఆరినట్టే ఉంది గానీ గడ్డి అడుగున చెమ్మ పోలేదు. పక్కచేలో ఉన్న మామ గట్టు మీదికొచ్చి, "వదినా, ఇంకా పచ్చిమీదుంది. రెండ్రోజులు చేలోనే ఆరనియ్, అప్పుడు కట్టిద్దువు" అన్నాడు.

ఆ మాట ఆయన అనకుండా ఉంటే ఆమె తనంతట తనే ఆరబెట్టేదని నా నమ్మకం. ఆయన అన్నాడు కాబట్టే ఆమెకు గుబులు పుట్టింది. నా గడ్డి చేలో ఉంటే ఈయనకేంది లాభం? ఎవరికి చెప్పి పెట్టాడు? ఆ మాపటికే కట్టలు కట్టించి, ట్రాక్టర్ మీద దొడ్లోకి తోలించి, సందు లేకుండా బిగించి పేర్పించింది. పైన టార్పాలిన్ కప్పించింది. ఇక దొంగ వేలు కూడా దూరదని తృప్తిగా నాకు ఫోన్ చేసి చెప్పింది. దొంగ వేలు దూరలేదు, గాలీ దూరలేదు.

ఆ మధ్యనే ఊళ్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. అత్త గెలిచిన వైపు, మామ ఓడిన వైపు. మా పల్నాటిలో ఓడినవాడి కోపం గెలిచినవాడి గడ్డివామి మీదికి పోవడం కొత్త సంగతేమీ కాదు. వామి తగలబడితే ఎట్లా అంటుకుందని ఎవరూ అడగరు, ఎవరు అంటించారనే అడుగుతారు. ఎన్నికలైన కొద్ది వారాలకు ఒక మధ్యాహ్నం, అత్త అన్నం తిని చెయ్యి కడుక్కుంటుండగా టార్పాలిన్ కింద నుంచి పొగ లేచింది. నాపరాళ్ల గోడ అవతల మామ నిలబడి బీడీ కాలుస్తున్నాడు. అంతే, తీర్పు అక్కడికక్కడే అయిపోయింది. నిప్పు లేనిదే పొగ రాదు, నిప్పు ఎవరి నోట్లో ఉందో ఆమె కళ్లారా చూసింది.

మామ బీడీ పారేసి మోటారు పైపు లాక్కుంటూ పరిగెత్తుకొచ్చాడు. అత్త గేటుకు అడ్డం నిలబడింది. "అంటించినోడివే ఆర్పటానికొచ్చావా? నా దొడ్లో కాలు పెట్టావంటే ఊరుకోను" అంది. ఆయన బతిమాలాడు. ఆమె కదల్లేదు. గేదెలను విప్పి వీధిలోకి తోలగలిగారు గానీ, ఫైరింజన్ వచ్చేసరికి సంవత్సరం మేత బూడిదైంది. ఆ వేసవి అత్త గేదెల కోసం ఊరూరా తిరిగి గడ్డి కొంది. ఎవరి దగ్గర కొన్నా సరే, పక్కదొడ్డి నుంచి ఒక్క పరక తీసుకోలేదు. ఆయన గోడ మీదుగా వేసిన మోపును మళ్లీ గోడ మీదుగా అవతలికి వేసింది.

పెద్దమనుషులు కూర్చున్నారు. మామ ప్రమాణానికి సిద్ధపడ్డాడు. మా వైపు గుళ్లో దీపం ఆర్పి ప్రమాణం చేయడమంటే మాటలు కాదు. అబద్ధమైతే ఇంటి దీపమే ఆరిపోతుందని భయం. ఆయన భార్య వద్దని ఏడుస్తున్నా వినకుండా తలస్నానం చేసి, తడిబట్టలతో ఆంజనేయస్వామి ముందు నిలబడి, "నా చేత్తో ఆ వామి అంటించి ఉంటే నా ఇల్లు ఇట్టాగే ఆరిపోవాల" అని దీపం ఆర్పాడు. ఊరు నమ్మింది. అత్త చెంగు దులుపుకుని లేచి, "బీడీ ఆర్పినోడికి దీపం ఆర్పటం ఒక లెక్కా?" అని వెళ్లిపోయింది.

కాలం కూడా ఆయనకు సాయం చేయలేదు. మరుసటి ఏడాది ట్రాక్టర్ మీది నుంచి పడి మామ కాలు విరిగింది, నడక కుంటయింది. ఊరు అప్పుడు మాట మార్చింది. ప్రమాణం పట్టుకుందన్నారు. నమ్మినవాళ్లే గుసగుసలాడారు. ఆయన అరుగు మీద కూర్చుంటే పక్కన కూర్చునేవాళ్లు తగ్గారు. ఎవరైనా గుమ్మడికాయల దొంగ అని మాటవరసకు అన్నా ఆయన తలొంచుకునేవాడు. ఊరు నోరు మూతపడాలంటే అత్త ఒక్క మాట అంటే చాలు. నువ్వు కాదులే అని. ఆయన మనసంతా ఆ మాట మీదే ఉండేది. నేను సెలవులకు వెళ్లినప్పుడల్లా, "మీ అత్త బాగుందా అమ్మా?" అని అడిగి, ఇంకేదో వింటానన్నట్టు కాసేపు నిలబడేవాడు. నేనూ అత్త పెంపకాన్నే కదా, ఈయన అంతసేపు ఎందుకు నిలబడ్డాడా అని ఆలోచించేదాన్ని.

కొన్నేళ్ల తర్వాత ఒక కోతలప్పుడు నేను అక్కడే ఉన్నాను. అప్పటికి అత్త ఒక్క గేదెనే ఉంచుకుని, పొలం కౌలుకిచ్చి, గింజ వాళ్లది, గడ్డి తనది అన్న ఒప్పందం చేసుకుంది. కౌలువాళ్లు తోలించిన కట్టలు దొడ్లో దించి నాలుగు రోజులయింది. అత్త అలవాటుగా కట్టల సందున మోచేతి దాకా చెయ్యి పెట్టింది. చటుక్కున బయటికి లాగింది. "ఏమే, ఇట్రా. చెయ్యి పెట్టి చూడు" అంది. పెట్టాను. టీ గిన్నె పక్కన చెయ్యి పెట్టినట్టుంది. కట్టల మిషన్ డ్రైవర్ ఇంకో ట్రిప్పు దించడానికి వచ్చి ఉన్నాడు. "పచ్చిది బిగిస్తే అంతే మామ్మా. లోపల్లోపల ఉడుకుద్ది. చూసుకోకపోతే దానికదే అంటుకుద్ది, ఎవరూ అగ్గిపుల్ల గియ్యక్కర్లా" అన్నాడు.

అత్త అతన్ని పైనుంచి కిందికి చూసింది. "ఈ మాట నీకెవరు చెప్పారు? పక్కదొడ్డాయన పంపాడా నిన్ను?" అంది. అతను తెల్లమొహం వేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నేనూ అత్తా కలిసి కొడవలితో తాళ్లు తెంచి కట్టలన్నీ దొడ్లో పరిచాం. గడ్డిలోంచి ఆవిరి లేస్తోంది. మధ్యలో కట్ట గోధుమరంగుకు తిరిగి మాడిన వాసన వేసింది. అత్త దాన్ని చేతిలో పట్టుకుని గోడ వైపు చూస్తూ చాలాసేపు నిలబడింది.

"ఆ రోజు ఆరనియ్ అన్నాడే" అంది చివరికి. "ఆ మాట మంచికే అన్నాడంటావా?"

"మంచికే అన్నాడత్తా."

"అయితే నేనే తగలబెట్టుకున్నానా?"

ఆమె గడ్డి కింద పడేసి, "మరి బీడీ అక్కడే ఎందుకు కాల్చాలే? వాళ్ల దొడ్లో ఇంకెక్కడా చోటు లేదా?" అంది. కానీ ఆ మాటలో మునుపటి పస లేదు. ఆమె గొంతు అంత పల్చగా పలకడం నేనెప్పుడూ వినలేదు. నాకు ఆమె మీద జాలేసింది, దాచకుండా చెబుతున్నాను, కోపం కూడా వచ్చింది. గోడ అవతల ఆయన దగ్గుతున్నాడు, వినపడుతూనే ఉంది. నాలుగు అడుగులు వేస్తే అయిపోయేది.

ఆమె వేయలేదు. తన పద్ధతిలో ఇంకోటి చేసింది. గేదె ఈనినప్పుడు జున్ను వండి, గిన్నె నా చేతికిచ్చి, పక్కదొడ్డికి ఇచ్చి రమ్మంది. తను పంపిందని మాత్రం చెప్పొద్దంది. మామ గిన్నె మూత తీసి, వాసన చూసి, నా వైపు అనుమానంగా చూశాడు. "ఈ మిరియాల ఘాటు మీ అత్త చెయ్యే. ఎందుకు పంపింది?" అన్నాడు. తెలియదన్నాను. "ముందు నువ్వు తిను" అన్నాడు. సగం జున్ను నేనే తిన్నాను. ఆయన నా మొహం చూస్తూ కొంచెంసేపు ఆగి, మిగతా సగం తిన్నాడు. తిని గిన్నె కడిగి ఇస్తూ, "ఇంకేమన్నా చెప్పిందా?" అని అడిగాడు. లేదన్నాను. ఖాళీ గిన్నెను అత్త వెలుగులో పెట్టి తిప్పి చూసింది. "తిన్నాడా, గేదెకు పెట్టాడా?" అంది.

పోయిన నెల వెళ్లినప్పుడు అడిగేశాను. బాగా చిక్కింది, పాల చెంబును రెండు చేతులతో ఎత్తుతోంది. "ఆ ఒక్క మాట ఆయనతో అనేయరాదా అత్తా? ఇంకెంతకాలం?" అన్నాను. ఆమె కోప్పడలేదు. "అందామనే ఉందే. కానీ ఇన్నేళ్లు అనందాన్ని ఇప్పుడంటే, ఎందుకంటున్నానా అని అనుమానపడడూ? నాకేదో అవసరం పడిందనుకుంటాడు. ఆయన స్థానంలో నేనుంటే అట్టాగే అనుకుందును" అంది. ఆమె మనిషిని ఎంత సరిగ్గా చూసేదో, అంత సరిగ్గానే తన కాళ్లకు తాను బంధం వేసుకునేది.

కబురు తెలిసి నేను వెళ్లేసరికి ఆమెను అరుగు మీదే పడుకోబెట్టి ఉన్నారు. తలాపున దీపం పెట్టింది మామే. నా అనుమానం దాచుకోలేక అడిగాను, మొదట ఎవరు చూశారని. "నేనేనమ్మా. పొద్దున్నే గేదెను తిట్టే గొంతు వినపడాల. ఇవాళ పాలు పితికిన చప్పుడయింది గానీ ఆ తర్వాత తిట్టు వినపళ్లా. ఏందబ్బా అని గోడ మీద నుంచి తొంగి చూశా" అన్నాడు. మాటల్లేని ఇన్నేళ్లూ ఆయన రోజూ ఆ తిట్లు వింటూ లేచేవాడన్నమాట.

ఆ పది రోజులూ నేను అత్తలాగే తయారయ్యాను. ముందుగా ఏడ్చినామె మీద అనుమానం, అసలు ఏడవని ఆయన మీద అనుమానం. మూడో రోజే ఒకతను లారీ వేసుకుని వచ్చి, కట్టలు ఎటూ వృథాగా పడి ఉన్నాయి కదా, ఇచ్చేస్తారా అన్నాడు. ఇప్పుడు మా వైపు గడ్డి లారీలకెక్కి ఎక్కడెక్కడి డెయిరీలకో పోతోంది. తోలేవాడికి మేసే గేదె తెలియదు, మేపేవాడికి కోసిన చేను తెలియదు. అతన్ని గేటు దగ్గరే నిలబెట్టి, ఎవరు పంపారని అడిగి, ఇవ్వనని చెప్పి పంపేశాను. గేదె దొడ్లో ఉండగా మేత అమ్ముకునే వంశం కాదు మాది.

పెద్దకర్మ అయిన సాయంత్రం చుట్టాలు వెళ్లిపోయాక మామ వచ్చాడు. వీధిలోంచి తిరిగి, గేటు తీసుకుని, కుంటుకుంటూ లోపలికి వచ్చాడు. వామి కాలిన నాటి నుంచీ ఆయన ఆ గేటు దాటింది అత్త పోయిన రోజు ఒక్కటే. వాకిట్లో నిలబడి, నా వైపు చూడకుండా అడిగాడు.

"అమ్మాయ్, పోయేముందు మీ అత్త నా గురించి ఏమన్నా అనిందా?"

నేను తడుముకోలేదు. "అంది మామా. ఆ నిప్పు నీది కాదని తెలుసుకున్నానంది. ఆ మాట నీకు చెప్పమంది."

ఆయన తలెత్తి నా మొహం చూశాడు. ఒకసారి చూసి, మళ్లీ చూశాడు. ఆయన పెదవి మీదికి నవ్వులాంటిదేదో వచ్చింది, కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

"అబద్ధమమ్మా. మీ అత్త ఇంకోళ్ల చేత కబురంపదు. ఇంకోళ్లను నమ్మితేగా పంపటానికి! అనాలనుకుంటే గోడ మీద నుంచి నా మొహానే అనేది."

"తెలుసుకున్న మాట మాత్రం నిజం మామా. నా ముందే తెలుసుకుంది."

నమ్మాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తువ్వాలుతో కళ్లొత్తుకుని, "గేదెకు మేత పడిందా?" అన్నాడు. పడలేదన్నాను. ఆయనే వెళ్లి ఒక కట్ట తాడు తెంచి, చేతినిండా గడ్డి తెచ్చి గేదె మూతి దగ్గర పెట్టాడు. అది మెడ వెనక్కి లాక్కుని, ముక్కుపుటాలు ఎగరేసి, ఆయన్ను తేరిపార చూసింది. పరాయి చెయ్యి. ఆయన గడ్డిని గాడిలో వదిలి, నాలుగు అడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు.

"తిను తల్లీ, చూసుకునే తిను" అన్నాడు.

గేదె వాసన చూసింది, ఆగింది, మళ్లీ వాసన చూసింది. తర్వాత ఆయన మీది నుంచి కళ్లు తీయకుండానే ఒక్క పరక లాక్కుని నమలడం మొదలుపెట్టింది.